పదిహేడో డబ్బా పొద్దుటి కబురు

"పదిహేడో నంబరు డబ్బాకు సోల్డరింగ్ ఎవరు చేసిన్రు?"

మెట్లెక్కుతూనే అడిగాడు భానుచందర్. చేతిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. నాలుగు చినుకులు రాల్చి పారిపోయే ఆ ఆగస్టు వాన అతని జుట్టును నుదుటికి అతికించి వెళ్ళింది.

మేడ మీది ఆ ఇరుకు గదిలో ఉన్నది ఇద్దరమ్మాయిలే. అట్టపెట్టెలకు టేపు వేస్తున్న హెప్సిబా తలెత్తి తిరుమల వైపు చూసింది. తిరుమల చెయ్యి పైకెత్తింది, బళ్ళో హాజరు పలికే పిల్లలాగ.

"చెయ్యి కాదు, నోరు."

"నేనే సార్."

"మంచిది. నలభై డబ్బాల్ల ముప్పై తొమ్మిది బుద్ధిగ కబురు పంపుతానయి. ఇదొక్కటి నన్ను తిప్పలు పెడతాంది. యాంటెన్నా కాడ సోల్డరింగ్ కళ్ళు మూసుకొని చేసినవా?"

తిరుమలకు చెవులు వేడెక్కాయి. కళ్ళు మూసుకుని చేసే పనా అది? సూదిమొనంత చోట, ఊపిరి బిగబట్టి చేసే పని. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆమె మాటలకు అది అలవాటే.

"ఏం చెప్పవా?"

"కళ్ళు తెరిచే చేసిన సార్" అంది, నేలకేసి చూస్తూ.

హెప్సిబా టేపు కొరికి నవ్వు ఆపుకుంది. భానుచందర్ ఏదో అనబోయి, లాప్‌టాప్ మూసి, వచ్చినంత విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మట్టెవాడలో ఓంప్రకాశ్ మోటర్ల దుకాణం అందరికీ తెలుసు. కింద మోటర్లకు వైండింగ్ చేస్తారు. మేడ మీద ఏడాదిగా ఓ కొత్త పని మొదలైంది. టిఫిన్ బాక్సంత డబ్బా, అందులో ఒక సిమ్. దాన్ని రైతు బావి దగ్గర స్టార్టరు పక్కన తగిలిస్తే, మోటరు ఆన్ అయినా, ఆఫ్ అయినా, కరెంటు పోయినా ఒక చిన్న కబురు పంపుతుంది. భానుచందర్ ప్రోగ్రాం రాస్తే అలాంటివి నలభై తయారుచేసి చుట్టుపక్కల ఊళ్ళ రైతులకు పరీక్షకిచ్చారు. నెలాఖరుకు నలభైకి నలభై సరిగ్గా పనిచేశాయా, మేడ మీద పని సాగుతుంది. లేదంటే ఆ గదికి తాళం పడుతుంది. అప్పుడు పాలిటెక్నిక్ చదివి ఆరు నెలల శిక్షణకొచ్చిన తిరుమల బట్టలు సర్దుకుని ఊరెళ్ళిపోవాలి.

ఆమె చెవులు వేడెక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది హెప్సిబాకు కూడా తెలియదు.

పదిహేడో డబ్బా వివరాల కార్డు మీద రైతు పేరు చిలుకమ్మ అని ఉంటుంది. చిలుకమ్మ తిరుమల నాయనమ్మ. ఆ బావి తిరుమల నాయిన రాయమల్లుది.

"మన ఇంటోళ్ళకు మాత్రం డబ్బాలియ్యొద్దు. ఇంటోళ్ళైతే తప్పు కనపడ్డా దాస్తరు" అని ఓంప్రకాశ్ మొదటి రోజే చెప్పాడు. అయితే కేసముద్రం మార్కెట్ యార్డులో డబ్బాలు పంచే రోజు లైనులో రాయమల్లు కూడా నిలబడ్డాడు. కొత్త అంగీ వేసుకుని, "నా బిడ్డ చేతితోని చేసిన డబ్బ" అని పక్కవాడికి చెప్పుకుంటూ. పేర్లు రాసుకుంటున్న తిరుమల తలెత్తి ఆ ముఖం చూసింది. వద్దు నాయినా అనే మాట నోటికి రాలేదు. చెయ్యి దానంతటదే చిలుకమ్మ అని రాసేసింది.

అది మొదలు ఎవరైనా 'పదిహేడు' అన్నారంటే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోతుంది. క్యాలెండరులో పదిహేడో తారీఖు చూసినా అంతే.

మరునాడు భానుచందర్ మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో లాప్‌టాప్ లేదు, మిర్చి బజ్జీల పొట్లం ఉంది.

"ప్యాకింగ్‌కు ముందు తీసిన ఫొటో పెద్దది చేసి చూసిన. నీ సోల్డరింగ్ ముత్యం లెక్కున్నది. నిన్న నోరు జారిన."

తిరుమల పొట్లం వైపు చూసింది, అతని వైపు చూడలేదు.

"ఇది లంచమా సార్?" అంది హెప్సిబా.

"జుర్మానా. ఇంకో మాట, నన్ను సార్ అనకున్రి. నాకంటే రెండేండ్లే చిన్నోళ్ళు మీరు. భాను అంటే చాలు."

"సరే సార్" అంది తిరుమల. అన్నాక నాలుక్కరుచుకుంది. భాను నవ్వాడు. నవ్వితే అతని ఎడమ కన్ను కొంచెం ఎక్కువ మూసుకుంటుందని తిరుమల ఆ రోజు గమనించింది. గమనించకుండా ఉంటే బాగుండేదని ఆ వారమంతా అనుకుంది.

ఆ రోజు నుంచి పదిహేడో డబ్బా జబ్బు వెతికే పనిలో ఆమెను కూడా కూర్చోబెట్టుకున్నాడు. తెర మీద వరుసలు చూపించి చెప్పాడు.

"డబ్బాకు మూడు తీర్లున్నయి. ఒకటి, టవర్‌తోని పూర్తిగ కలిసి మాట్లాడుడు. దానికి బ్యాటరీ ఊరికే అయిపోతది. రెండోది, మొత్తం పడుకునుడు. అప్పుడు టవర్‌కు దీని యాదే ఉండదు. ఈ రెండిట్ల నడుమ ఒక కునుకు ఉంటది. డబ్బా కునికినా టవర్‌కు యాదుంటది. మనం పంపే కబురు ఎంత? మోటరు ఆన్ అయింది, అంతే. అంత చిన్నదానికి పూర్తిగ లేచి కూసునుడెందుకు? కునుకుల నుంచే పంపెయ్యొచ్చు. అర్థమైందా?"

తిరుమల తల ఊపింది.

"ఊపుడు కాదు. నీకేమర్థమైందో నువ్వు చెప్పు."

ఆమె చాలాసేపు పెన్నుతో కాగితం మీద గీతలు గీసింది. తర్వాత మెల్లగా అంది. "వాకిట్ల నిలబడి చెప్పిపోయే ముచ్చట."

"అంటే?"

"మా ఊళ్ళె ఎవలైనా ఇంట్లకొస్తే చాప పరవాలె, మంచినీళ్ళియ్యాలె, చాయ్ పెట్టాలె. చిన్న ముచ్చటకు అదంతా ఎందుకని, వాకిట్లనే నిలబడి, ఒదినా రేపు నాట్లున్నయి అని చెప్పి పోతరు. తెలిసిన మనిషి కాబట్టి లోపల నుంచే సరే అంటరు. ముచ్చట పెద్దదైతెనే లోపటికి వస్తరు."

భాను ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. బయట చినుకులు మొదలై, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాయి.

"నాలుగేండ్లు ఇంజినీరింగ్ చదివిన. ఎవ్వలు గిట్ల చెప్పలే" అన్నాడు చివరికి. "ఇవ్వాళ నువ్వు ఇరవై మాటలకు ఎక్కువనే మాట్లాడినవ్. తారీఖు రాసిపెట్టుకోవాలె."

పదిహేడో డబ్బా లెక్క మాత్రం తెగలేదు. మిగతా డబ్బాలన్నీ మోటరు ఆన్ అని ఒక కబురు, ఆఫ్ అని ఒక కబురు పంపుతాయి. ఇది ఆఫ్ కబురు ఒక్కటే పంపుతుంది. పొద్దున ఆరింటికి రావలసిన ఆన్ కబురు రాదు, తొమ్మిదింటికి ఆఫ్ కబురు మాత్రం ఠంచనుగా వస్తుంది. మొదలే కాని మోటరు రోజూ ఎలా ఆగుతుంది?

"దయ్యం మోటరు" అన్నాడు భాను. అతనికి తిండి సయించడం లేదు. చాయ్ తాగుతూ, మెట్లు దిగుతూ, బండి స్టార్ట్ చేస్తూ పదిహేడు పదిహేడు అని గొణుక్కుంటున్నాడు.

"ఆయన పదిహేడును ప్రేమిస్తాండే. నువ్వు క్యూల పద్దెనిమిదో దానివి" అంది హెప్సిబా, ఇద్దరూ తాముండే అద్దె గదికి నడిచి పోతుంటే.

"నేను ఏ క్యూల లేను."

"మరి ఆయన బండి చప్పుడు వినపడంగనే అద్దంల చూసుకునుడెందుకు?"

తిరుమల నడక వేగం పెంచింది. ఆ మధ్య ఆమెకు ఏ పని మీదా చెయ్యి నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. నిజం చెప్పేస్తే డబ్బా తీసేస్తారు, తనను పంపించేస్తారు. చెప్పకుండా ఉందామంటే భాను కళ్ళముందే చిక్కిపోతున్నాడు. అతనికి తెలిసిన రోజున తన ముఖం చూస్తాడా? ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఈ భయమే పెద్దదని తెలిశాక ఆమెకు అసలు నిలకడ లేకుండా పోయింది.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద ధైర్యం చేసింది.

"మీకొకటి చెప్పాలె" అంది.

భాను బండి తాళం చెవి ఊపడం ఆపాడు. "చెప్పు."

"పదిహేడు..." అని ఆగింది. కింద వైండింగ్ కుర్చీలో ఉన్న ఓంప్రకాశ్ తల తిప్పాడు. "పదిహేడు సంగతి ఏమైంది?" అని ముగించేసింది.

"ఇది కాదు నువ్వు చెప్పాలనుకున్నది" అన్నాడు భాను, ఆమె ముఖంలోకి చూసి. "నీది పెద్ద ముచ్చట లెక్కున్నది. వాకిట్ల చెప్పేది కాదు. చాప పరుస్త, చాయ్ పెడ్త, కూసొని చెప్పు."

తిరుమల మూడు మెట్లు ఒక్క అంగలో దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లవారుజామున హెప్సిబా ఆమెను తట్టి లేపింది. ఫోన్ ముఖం ముందు పెట్టింది. గ్రూపులో భాను మెసేజ్ ఉంది. 'పదిహేడు సంగతి ఇవ్వాళ తేలుస్త. ఆరింటికల్లా ఆ బాయి కాడ ఉంట.'

తిరుమల లేచి కూర్చుంది. నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"ఏమైందే?"

"నేను ఊరికి పోవాలె."

"ఎందుకు?"

అప్పుడు చెప్పింది తిరుమల, జడ వేసుకుంటూ, చెప్పు వెతుక్కుంటూ. హెప్సిబా నోరు తెరుచుకుని వింది. "అమ్మో, మాట్లాడదు మాట్లాడదంటే గింత పెద్దది దాచినవా" అని చున్నీ అందించింది.

భానుకు ఫోన్ చేస్తే అందుబాటులో లేడంది. నాయినకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఫోన్ రాత్రంతా ఛార్జింగులో ఉండి పొద్దెక్కాకే జేబులోకి వెళ్తుంది. తిరుమల తల్లి సమ్మమ్మ ఆ వేళకు గేదె దగ్గర ఉంటుంది.

కేసముద్రం పోయే పాసింజరు కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర నిలబడి మెసేజ్ కొట్టింది. 'ఆ బాయి మా నాయినది. ఆగండి. నేను వస్తాన్న.' మూడు ముక్కలే. ఒక్క గీత పడింది. అందిందని చెప్పే రెండో గీత పడలేదు.

రైలు కదిలితే టవర్ మారుతుంది. టవర్ మారితే ఫోన్‌లో టవర్ గుర్తులు పోయి మళ్ళీ వస్తాయి. ఒక్కో స్టేషను దాటినప్పుడల్లా ఆమె ఫోన్ తీసి చూసింది. ఒక్క గీతే. నెక్కొండ దగ్గర సిగ్నలు లేక రైలు పదిహేను నిమిషాలు ఆగింది. తిరుమల ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మారుతూ నిలబడింది. పక్కన పూలగంప పెట్టుకున్న ముసలమ్మ, "కాళ్ళు గుంజుతానయా బిడ్డ? జర కూసో" అంది. కూర్చుంటే రైలు ఇంకా ఆలస్యమవుతుందేమోనని ఆమెకు అనిపించింది.

ఊళ్ళో స్టార్టర్ల దొంగతనాలు ఎక్కువయ్యాయని పోయిన నెలే నాయిన చెప్పాడు. తెలియని మనిషి మోటరు కాడ కనపడితే కట్టెతోనే ముచ్చట అన్నాడు. నాయిన ఆడిన మాట తప్పడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఆటో దిగేటప్పటికి ఎనిమిది దాటింది. గట్టు మీద పరుగులాంటి నడకతో పోతూ తిరుమల రకరకాలుగా ఊహించుకుంది. చిరిగిన చొక్కా. తాడుతో కట్టిన చేతులు. చుట్టూ ఊరు.

తీరా వెళ్ళి చూస్తే, మోటరు షెడ్డు ముందు నులక మంచం మీద కూర్చుని భాను కాల్చిన మక్క కంకి తింటున్నాడు.

ఎదురుగా బండరాయి మీద రాయమల్లు. మోకాళ్ళ మీద కట్టె అడ్డంగా ఉంది. పక్క చేను పూలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, బడిపంతులు పిల్లవాణ్ణి చూసినట్టు భానును చూస్తోంది.

"నాయినా" అంది తిరుమల, ఆయాసపడుతూ.

భాను కంకి కొరకబోతూ ఆగిపోయాడు. తిరుమలను చూశాడు. రాయమల్లును చూశాడు. మళ్ళీ తిరుమలను చూశాడు.

"నాయినా?" అన్నాడు మెల్లగా. అతని ముఖంలో రక్తం ఉన్నట్టుండి ఎటో వెళ్ళిపోయింది. తను దాచిన విషయానికి అంతగా పాలిపోవాలా అని తిరుమలకు అర్థం కాలేదు.

అప్పుడే అతని జేబులో ఫోన్ కిర్రుమంది. తీసి చదివాడు. "ఆ బాయి మా నాయినది. ఆగండి" అని పైకే చదివి ఆమె వైపు చూశాడు. "ఇది ఇప్పుడా వచ్చేది?"

"నేను ఆరింటికి ముందే పంపిన" అంది ఆమె.

మబ్బు కమ్మింది. వారం రోజులుగా ఊరించిన వాన ఒక్కసారిగా కుండతో కుమ్మరించినట్టు పడింది. నలుగురూ షెడ్డులోకి దూరారు. ఒక మోటరు, ఒక స్టార్టరు, ఒక విత్తనాల సంచి, వాటి నడుమ నలుగురు మనుషులు. తిరుమల గోడకు అతుక్కుంది. భానుకూ ఆమెకూ మధ్య ఒక సబ్బుబిళ్ళంత జాగా మిగిలింది. ఇద్దరూ దాన్ని జాగ్రత్తగా కాపాడారు.

"పొద్దుగాల నేను వచ్చేసరికి ఈ పిలగాడు స్టార్టరు మీద చెయ్యి పెట్టి టార్చి కొట్టి చూస్తాండు" అన్నాడు రాయమల్లు. "నేనేమనుకోవాలె?"

"డబ్బా కనపడ్తలేదని చూస్తాన్న కాకా" అన్నాడు భాను. తర్వాత తిరుమలతో, "గోడకు డబ్బా లేదు. ఎక్కడున్నదో తెలుసా? మీ నాయిన సంచిల. రోజు పొద్దుమూకంగ విప్పి ఇంటికి పట్కపోతడట. పొద్దుగాల తెచ్చి మల్ల తగిలిస్తడట."

"ఈడ పెడితే ఉంచుతరా?" అన్నాడు రాయమల్లు. "ఫీజులు పీకి పట్కపోతం, స్టార్టరుకు తాళమేస్తం, బిడ్డ చేసిన డబ్బ బాయి కాడ వదిలిపెడ్తమా? రాత్రి నా తలాపునే పెట్టుకుంట."

తిరుమల, భాను ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

"ఇల్లు ఊరికి అటు దిక్కు" అంది తిరుమల. "అక్కడిది వేరే టవర్."

"అగో. రాత్రంతా ఆ టవర్ కింద కునికింది. పొద్దుగాల ఈ టవర్ కిందికొచ్చి, వాకిట్ల నిలబడి, మోటరు ఆన్ అని చెప్తాంది. ఈ ఇంటోళ్ళకు అది ఎవలో తెల్వది. ఆ ఇంటోళ్ళను అడిగి తెలుసుకునేదాకా జవాబియ్యరు. నా ప్రోగ్రామేమో చెప్పినమంటే అందిందనుకొని కబురును చెరిపేస్తాంది." భాను నుదురు కొట్టుకున్నాడు. "తొమ్మిదింటికల్లా ఈ ఇల్లు గుర్తుపడ్తది, అందుకే ఆఫ్ కబురు పోతాంది. తప్పు సోల్డరింగ్‌ది కాదు, నాది. డబ్బా గోడకే ఉంటదనుకొని రాసిన. సంచిల తిరుగుతదని అనుకోలే."

"జవాబు వచ్చేదాక కబురును దాచిపెడితే?"

"అంతే. ఎంతసేపటికీ జవాబు రాకుంటే పూర్తిగ లేచి, తలుపు గట్టిగ తట్టాలె. రెండు రోజుల పని." అతని ముఖం వెలిగింది. వెలిగి, ఏదో గుర్తొచ్చి ఆరిపోయింది. "నీకు ముందే తెలుసు ఇది మీ నాయినదని."

"డబ్బా ఇంటికి తెస్తడని తెల్వది."

"బాయి మీదని తెలుసు కద. పదిహేను రోజుల నుంచి పిచ్చోని లెక్క తిరుగుతాన్న నీ ముంగటనే. ఒక్కసారి చెప్పబుద్ధి కాలేదా?"

"చెప్తే డబ్బా తీసేస్తరు. నన్ను పంపిస్తరు."

"నేను పంపిస్తనా?" అన్నాడు. రేకుల మీద వాన చప్పుడులో ఆ మాట చాలా చిన్నగా వినిపించింది. "సోమవారం సార్‌కు రిపోర్టియ్యాలె. చిలుకమ్మ ఎవలని రాయాలె నేను? నీకోసం నేను గూడ అబద్ధం రాయాల్నా?"

రాస్తాడేమో అనిపించింది తిరుమలకు. తను అడిగితే రాస్తాడు. అందుకే అడగకూడదు.

ఆమె ఫోన్ తీసి ఓంప్రకాశ్ నంబరు నొక్కింది. 

"సార్, నేను తిరుమలను. పదిహేడో డబ్బా మా నాయినది సార్. చిలుకమ్మ మా నాయనమ్మ. మీరు వద్దన్నా నేనే పేరు మార్చి రాసిన. భానుకు తెల్వది, ఇంటోళ్ళకు ఇయ్యొద్దన్న మీ కాయిదా మా నాయినకు గూడ తెల్వది. తప్పు నాదొక్కదాన్దే." అక్కడితో ఆగలేదు. సంచి సంగతి, రెండు టవర్ల సంగతి, చెరిగిపోయే కబురు సంగతి అన్నీ చెప్పింది. ఒక్క మాట కూడా మింగలేదు. పూలమ్మ నోటి మీద వేలు వేసుకుని వింది.

 అవతల నుంచి ఓంప్రకాశ్ గొంతు వినిపించింది. "ఇంటోళ్ళైతే తప్పు దాస్తరనే నేను వద్దన్న. నువ్వు చెయ్యనే చేసినవ్."

"అవును సార్."

"సోమవారం నుంచి నువ్వు సోల్డరింగ్ కాడ కూసోవద్దు."

తిరుమల కళ్ళు మూసుకుంది.

"మిగిలిన ముప్పై తొమ్మిది డబ్బాల కాడికి తిరుగు. ఎవలెవలు ఇంటికి మోసుకపోతాన్రో అడిగి రాసుకురా. మీ నాయినొక్కడే మోస్తాండనుకుంటానవా? చాలమంది ఇండ్లు బాయి కాడనే ఉండి మనం బతికిపోయినం, అంతే. తిరుగుడు నీకు శిక్షనే అనుకో. ఆ భానుకు చెప్పు, ప్రోగ్రాం మార్చేదాక నాకు మొఖం చూపియ్యొద్దని."

ఫోన్ పెట్టేసింది. విత్తనాల సంచి మీద కూలబడింది. భాను ఆమె వైపు చూస్తున్నాడు. అతని ఎడమ కన్ను కొంచెం మూసుకుంది.

"ఇప్పుడు ఎన్ని మాటలైనయో లెక్కపెట్టలేకపోయిన" అన్నాడు.

రాయమల్లు కట్టెను గోడకు ఆనించాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ డబ్బల లెక్క తెగింది. ఇగ నా లెక్క ఒకటున్నది."

"కాకా, అది..." అన్నాడు భాను, గబుక్కున.

"నువ్వుండు. బిడ్డా, పొద్దుగాల నేను కట్టె లేపితే ఈ పిలగాడు ఏమన్నడో ఎర్కేనా? కొట్టకు కాకా, నేను దొంగను కాదు, మీ దిక్కు పిల్లనే చేసుకునేటోణ్ణి అన్నడు. ఏ పిల్లరా అన్న. తిరుమల అన్నడు. ఏ తిరుమల అన్న. మట్టెవాడల డబ్బలు చేసే తిరుమల అన్నడు."

భాను స్టార్టరు తాళం వైపు తల తిప్పుకున్నాడు.

"అందుకే కట్టె దించిన" అన్నాడు రాయమల్లు. "అల్లున్ని కొట్టిండని నాకెందుకు చెడ్డపేరు? కూసోబెట్టి, కంకి కాల్చిచ్చి, ఊరు పేరు, అవ్వనాయిన, అన్నదమ్ములు, అన్ని అడిగిన. నేను నీ తండ్రినని మాత్రం చెప్పలే."

"గంటన్నర సేపు చెప్పలే" అంది పూలమ్మ. "ఆ పిల్ల ఎంత మంచిదో, ఎంత తక్కువ మాట్లాడుతదో ఈయన చెప్పుకుంట పోతాండు, మీ నాయిన ఊ కొడతాండు. నాకు నవ్వాగక చేన్లకు పోయి వచ్చిన."

భాను చెవులు మిరపపండ్లలా ఎర్రబడ్డాయి. "భయానికి అన్న కాకా. మీరెవలో నాకేమెరుక?"

"భయానికేనా?" అంది తిరుమల, సంచి మీద నుంచి లేస్తూ.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం ఆగి తెలిసింది. భాను ఆమె వైపు తిరిగాడు. సబ్బుబిళ్ళంత జాగాను ఎవరు కాపాడడం మానేశారో గాని, అది లేదు.

"భయానికి నోట్లకు వచ్చింది" అన్నాడు. "మనసుల ముందు నుంచే ఉన్నది. నిన్ను అడగకముందే ఇంకొకలకు చెప్పుడు తప్పే. నువ్వు పేరు దాచినవని ఇందాక కోపం చేసిన. నేను గూడ దాచిన. మాఫ్ చెయ్."

రాయమల్లు కూతురి ముఖంలోకి చూశాడు. "ఇదంత నాకు తెల్వది. నీకన్న తెలుసా బిడ్డా?"

"నాకు గూడ ఇప్పుడే తెలిసింది నాయినా."

 భాను నేలకేసి చూస్తూ నిలబడ్డాడు, పరీక్ష ఫలితం చదివే చోట నిలబడ్డ పిల్లవాడిలాగ.

"తెలిసింది" అంది తిరుమల మళ్ళీ, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ. "తెలిసినంక వద్దనాలనిపిస్తలేదు."

పూలమ్మ అటు తిరిగి నవ్వింది. రాయమల్లు చాలాసేపు బయటి వానను చూశాడు. తడిసిన చేనును, నిండుతున్న కాలువను, గట్టు కింద తడుస్తున్న భాను బండిని చూశాడు.

"మా ఇంటిది గూడ వినాలె కద. సమ్మమ్మ సరేనంటే నాదేమున్నది" అన్నాడు. "ఐతారం నాడు మీ అవ్వనాయినను తోల్కరా. ఎండెక్కినంక రా. చీకట్ల వస్తే ఈసారి పట్టేది పూలమ్మ, నేను ఆపలేను."

"ఐతారం రేపే కాకా" అన్నాడు భాను.

"రేపు కాదు, పై ఐతారం. రేపు నాకు మక్క కంకులు ఇరిచే పనున్నది."

భాను తల ఊపాడు. ఇంకా ఎనిమిది రోజులు అన్నట్టు అతని భుజాలు జారాయి. అది చూసి తిరుమల వేలికి చుట్టిన చున్నీ కొస విప్పేసింది. 

"మక్క నేను ఇరుస్త నాయినా" అంది. "రేపే రమ్మను."